కొత్త నూనె పొంగు

మాఘ బుధవారం, రాత్రి, నాంపల్లి

రేపు మా అమ్మాయి పద్మ పసిబిడ్డను తీసుకుని చాదర్‌ఘాట్‌కు, అత్తవారింటికి వెళ్తుంది. సారెలోకి ఇవాళ అరిసెలు వండాం. దాని అత్తగారు ప్రతి అరిసెనూ వెలుగులో పెట్టి మరీ చూస్తుంది. ఆ తలపుకే నాకు నిన్న నిద్ర పట్టలేదు.

ఉస్మాన్‌గంజ్ నుంచి తెచ్చిన కొత్త వేరుశనగ నూనె పొద్దుటి చలికి చిక్కగా, బద్ధకంగా జారింది. కాగేసరికి నీళ్లలా పలచబడింది. హమ్మయ్య అనుకుని మొదటి అరిసె వేశానో లేదో, నురగ బుసబుసమంటూ మూకుడు అంచు దాకా లేచింది.

"కల్తీ నూనె పద్మా! సారె పాడైపోయింది!" అని గోల పెట్టాను.

పక్కవాటా యాదమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏంది పెద్దమ్మా, గింతదానికే? కొత్త నూనె గట్లనే పొంగుతది. జర చింతపండు ఎయ్యి."

చిన్న ముద్ద వేశాను. అది చిటపటలాడి నల్లబడింది, నురగ అణిగిపోయింది. ఇక అరిసెలు బంగారంలా తేలాయి. చెక్కల మధ్య నొక్కి నూనె పిండుతుంటే పద్మ నవ్వింది.

"మా అమ్మ గుండె కూడా ఇలాగే పొంగుతుంది యాదమ్మా. దానికేం వేయాలి?"

"దానికి చింతపండు సాలదు. మనుమరాలిని ఒళ్లె పెట్టుండ్రి."

పెట్టారు. నిజంగానే అణిగింది. ఎన్నాళ్లకో మనసారా నవ్వాను.

డబ్బా నిండింది. అంతా బాగుంది. కానీ ఆ చింతపండు ముద్దను తీసినట్టు గుర్తులేదు. నూనె వడకడితే అందులోనూ లేదు. ఏ అరిసెకు అంటుకుని చెక్కల మధ్య నలిగిందో! తలచుకుంటే నవ్వొస్తోంది గానీ, ఆవిడ దాన్నీ వెలుగులో పెట్టి చూస్తుంది కదా, రామా...