ముక్కుకు గడ్డి

నాయనా,

రుద్రవరం కొండబాటలో సైకిల్ మీంచి పడ్డప్పుడు గడ్డానికి వేసిన కుట్లు విప్పేశారు. గీత మిగిలింది, అంతే. నువ్వు నా సైకిల్‌ను శిల్పాల షెడ్డులో పెట్టి తాళం వేశావని అమ్మ చెప్పింది.

నేనిక్కడ నంద్యాలలో హెల్మెట్ కొన్నాను. మొదట అంగడాయన మోటార్‌సైకిల్‌ది ఇచ్చాడు. అది పెట్టుకుని మేడ మెట్లు ఎక్కేసరికే ఊపిరాడలేదు. పొద్దంతా కొండ మీద సైకిల్ తొక్కేదాన్ని, దాంతో ఎట్లా? గడ్డం దాకా కప్పేదే, కానీ చుట్టూ గాలి ఆడే రంధ్రాలున్నది తెప్పించమన్నాను.

"ఇన్ని బొక్కలుంటే వానకు తల తడుస్తాది గదమ్మా!" అన్నాడు.

"తడవనీలే అన్నా, ఆరుతాది" అన్నాను.

విగ్రహాన్ని లారీ ఎక్కించే ముందు నువ్వు మొదట ముక్కుకే గడ్డి చుట్టి గోనెపట్ట కడతావు. దారి కుదుపులకు ముందు పగిలేది ముక్కేనని నాకు చెప్పింది నువ్వే. అట్లా పగులుతుందని భయపడి ఏ విగ్రహాన్నైనా షెడ్డులోనే ఉంచేసుకున్నావా నాయనా?

ఆదివారం ఆళ్లగడ్డ వస్తున్నాను. ముక్కుకు గడ్డి నేనే కట్టుకున్నాను. నువ్వు తాళం తీసి పెట్టు.

నీ కూతురు