తక్కువ అడిగినందుకు

అక్కా, ఒంట్లో బాగానే ఉంది, బెంగపడకు. బుర్రే ఇంకా తిరుగుతోంది.

ఈ దేశంలో పనిచెయ్యడానికి పెట్టిన నా వీసా తిరగ్గొట్టారు. కట్టుడు పళ్ల అచ్చు పోస్తుంటే ల్యాబు యజమానురాలు పిలిచి చెప్పింది. ప్లాస్టరు చేతులు తుడుచుకున్నాను.

"నా పనిలో ఏం లోపమండీ?" అన్నాను.

"పనికి వంక పెట్టలేదమ్మా. ఈ పనికి ఇంతకి తగ్గకుండా జీతం ఉండాలట, నీది తగ్గిందట. చవగ్గా వస్తారని బయటి దేశాలవాళ్లని తెచ్చుకుంటామేమోనని వీసా ఆఫీసువాళ్ల అనుమానం. నేను ఎక్కువే ఇస్తానన్నాను కదా. అంత వద్దండీ, ముందు పని చూడండి అని నువ్వే అన్నావు," అంది.

అన్నాను మరి. అది మర్యాద అనుకున్నాను. మైనంతో పన్ను దిద్దడం నా దగ్గరే నేర్చుకున్న పక్కబల్ల అతను మొదటిరోజే నోరు తెరిచి ఎక్కువ అడిగాడు. అతని వీసా వచ్చేసింది.

దరఖాస్తు మళ్లీ పంపుదాం, జీతం ఎంత కావాలో రేపు నువ్వే చెప్పు అంది యజమానురాలు. అద్దం ముందు నిలబడి ఎంత సాధన చేసినా "మీ ఇష్టమండీ" అనే వస్తోంది.

బావకి గురువారం ఫోన్లో ఇంటర్వ్యూ కదా, ఆ మాట మాత్రం అననివ్వకు. పాపకి దగ్గు తగ్గిందా? నా మంచం అప్పుడే ఎవరికీ ఇచ్చెయ్యకు.

ఈ ముక్క అమ్మకి చదివి వినిపించకు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మన అమ్మ అడక్కముందే పెట్టేసేది. ఇంక మనకి అడగడం ఎలా వస్తుంది? ఆవిడకి నా దండాలు.

నీ చెల్లి