గ్రహణం లేని నెల

అక్కా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. నీ మనవరాలు శిరీషకు ఇప్పుడు ఐదో నెల. పొద్దున నేనే ఒంగోలు తీసుకెళ్లి స్కానింగ్ తీయిస్తే బిడ్డ పైపెదవి చీలి ఉందన్నారు.

పొదిలి తిరిగొచ్చేసరికి వాళ్ల అత్త వాకిట్లోనే నిలదీసింది. "ఏమే, గ్రహణం పూట మిరపకాయల తొడిమలు తుంచావా లేదా? నిజం చెప్పు!" అచ్చం నీ గొంతే. మా వాడు గ్రహణం మొర్రితో పుట్టినప్పుడు మా ఆవిడను, నీ మరదల్ని, నువ్వూ ఇలాగే అడిగావు. గ్రహణమంటే చాలు, ఆమె చనిపోయేదాకా వణికింది.

ఈసారి నేను ఊరుకోలేదు. "గ్రహణం మొన్ననే కదమ్మా పట్టింది. పెదవి రెండో నెలలోనే అతుక్కోవాలి. ముఖం రెండు పక్కల నుంచీ పెరిగి మధ్యలో కలుస్తుంది. ఎటు కదలాలో, ఎప్పుడు అతుక్కోవాలో కణాలు ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. ఆ కబురు అందకపోతే చీలిక ఉండిపోతుంది. తొడిమలకూ దానికీ సంబంధం లేదు" అన్నాను. అత్త లోపలికి వెళ్లిపోయింది. ఇన్నేళ్లకు నీ మీద గెలిచాననుకున్నాను.

శిరీష మాత్రం నన్నే చూస్తూ ఉంది. "రెండో నెలంటే మిర్చికి మందు కొట్టే రోజులు కదా తాతయ్యా. నేను చేలోనే ఉన్నాను. ఆ కబురు నావల్లే ఆగిందా?"

ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేరన్నాను. నిజమే చెప్పాను. ఆమె వినడం లేదు. ఆ నెలలో ఏ రోజు ఏం చేసిందో, ఏం తిన్నదో గోడ వైపు తిరిగి గుర్తు చేసుకుంటోంది.

నువ్వు నీ మరదలికి ఒక్క పూటనే అంటగట్టావు అక్కా. నేను ఈ పిల్లకు నెలంతా అప్పగించాను.