రజిత స్నేహితుల ముఖాలు

కర్మన్‌ఘాట్,
8 డిసెంబరు 2011

అరుణశ్రీ గారికి నమస్కారం.

మీతోపాటు దిల్‌సుఖ్‌నగర్ స్కూల్లో పనిచేసిన రజిత భర్తను. పోయిన నెల అంత్యక్రియలకు మీరంతా వచ్చారట. ఆ రోజు నేను ఎవరినీ చూడలేదు.

సమ్మె రోజుల్లో తీసిన ఫొటోలన్నీ రజిత తన నెట్ ఖాతాలో, తనకు మాత్రమే కనిపించేలా దాచుకుంది. నాది గుంటూరు వైపు. ఇంట్లో తెలంగాణ ఉద్యమం మాట ఇద్దరమూ ఎత్తేవాళ్ళం కాదు. ఆమె చివరి ఏడాది ఫొటో నా దగ్గర ఒక్కటీ లేదు.

పాస్‌వర్డ్ డైరీలో దొరికింది. కానీ ఆమె ఎప్పుడూ స్కూలు కంప్యూటర్‌లోనే తెరిచేది. ఇంట్లో తెరిస్తే ఆ సైటు వేరెవరో అని అనుమానపడి, ఆమె స్నేహితుల ఫొటోలు చూపించి పేర్లు చెప్పమంటోంది. అన్నీ గులాల్ పూసుకున్న ముఖాలే. రెండుసార్లు తప్పు చెప్పాను.

నెట్ కనెక్షన్ ఇచ్చిన నరేష్‌కుమార్‌ను పిలిపించాను. "ఏంది సార్, మేడమ్ దోస్తులు ఒక్కరు గూడ ఎర్కలేరా?" అన్నాడు. ఇంకోసారి తప్పితే ఇక తెరుచుకోదట. అప్పటి నుంచి కంప్యూటర్ ముట్టుకోలేదు.

ఆదివారం వచ్చి నా పక్కన కూర్చుని పేర్లు చెప్పగలరా? కుదరకపోతే ఏ రోజైనా సరే, ఆఫీసు మానేస్తాను. హనుమాన్ గుడి వెనక సందులో రెండో ఇల్లు. కాదనకండి.

ఆ ముఖాల్లో మీదీ ఉండే ఉంటుంది. తలుపు తట్టినప్పుడు దయచేసి మీ పేరు చెప్పండి. చూసి గుర్తుపట్టలేను.

ఇట్లు,
రజిత భర్త