పదిమంది ఎక్కే పడక

ఒడ్డుపల్లె, 12-3-1958

జమ్మలమడుగు చేతిపనుల శిక్షణ ఆఫీసరు గారి సముఖానికి,

ఒడ్డుపల్లె బడిపంతులు మల్లికార్జునయ్య నమస్కరించి రాసుకొనే మనవి.

అయ్యా, మా ఊరికి ముందర పెన్న, ఎనక వాగు. రెండూ ఒకేసారి పారితే మాకు దారి లేదు. పోయిన కార్తీకంలో అట్లనే తొమ్మిది దినాలు పారినాయి. అప్పుడే మా ఊరి మాబున్ని అనే ఆమె కూతురు గులాబ్‌బీకి నొప్పులు వచ్చినాయి. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని "నా చేత కాదు, ఆస్పత్రికి తీస్కపోండప్పా" అనింది. మంచం మీద ఏటి ఒడ్డుకు మోసుకొచ్చినాము. అవతల మీ ఊరి మేడలు కండ్లకు కనపడతాండాయి. సాయంత్రం దాకా ఆడనే ఉన్నాము. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయినారు.

మా వడ్రంగి ఆదినారాయణ తన ఇంటి తలుపు ఊడబెరికి నీళ్లలో ఏసినాడు. తానెక్కితే అది మునిగిపాయ. "మడకలు చేస్తా, బండ్లు చేస్తా. నీళ్లమీద నిలిచేది నాకెవరూ నేర్పలేదు సామీ" అన్నాడు. ఆ పొద్దు నుంచి ఎవరితోనూ సరిగా మాట్లాడడు.

మీరు ఊరూరా కొయ్యపని నేర్పిస్తాండారని విన్నాము. మాకు పడవ చేసేది నేర్పే మేస్త్రీని పంపండి. నేర్చుకొనేదానికి పద్నాలుగు మంది సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు, మీ మేలు మరవని
మల్లికార్జునయ్య

తా.క.: ఒక్కసారికి పదిమంది మనుషులు, రెండు మేకలు ఎక్కేటట్టు ఉండాల.


జమ్మలమడుగు, 2-4-1958

ఒడ్డుపల్లె ఉపాధ్యాయుల వారికి,

అయ్యా, తమ లేఖ చేరినది. ప్రసవమునకు తగిన పడక లేక తల్లీ బిడ్డా మరణించుట మిక్కిలి విచారకరము. కావున తమ గ్రామమునకు పడకలు, అనగా మంచములు, చేయు శిక్షణ మంజూరైనది. శిక్షకుడు యోగానంద త్వరలో రాగలడు.

ఆఫీసరు గారి తరఫున,
శ్రీపతి, గుమాస్తా

తా.క.: ఒకే పడకపై పదిమందియు, రెండు మేకలును ఎక్కుటకు ఆరోగ్యశాఖ వారు సమ్మతింపరు.


ఒడ్డుపల్లె, 10-4-1958

శ్రీపతి గారికి నమస్కారం.

అయ్యా, ఇరవై ఏండ్లుగా పిల్లోళ్లకు చేతిరాత నేర్పిస్తాండాను. నేను రాసింది పడక కాదు, పడవ. వానలో ఉండే 'వ'. నీళ్లమీద పోయేది.

మీ జాబు రచ్చబండ కాడ చదివితే ఆదినారాయణ లేచి ఇంటికి పోయినాడు. మాబున్ని మాత్రం నా దగ్గరికొచ్చి, "మంచం మాకు ఉండె కదా సారూ" అనింది. ఆ తల్లికి నేనేం చెప్పాల్నో మీరే రాయండి.

ఇట్లు, జవాబు కోసం చూస్తాండే
మల్లికార్జునయ్య

తా.క.: మేకలను వదులుకుంటాము.


జమ్మలమడుగు, 25-4-1958

ఒడ్డుపల్లె ఉపాధ్యాయుల వారికి,

అయ్యా, తమ రెండవ లేఖ చేరినది. "నీళ్లమీద పోవు పడక" అను వస్తువు మా జాబితాలో లేదు. మంజూరైన పడకలనే చేయించుకొనవలెను. పడక పొడవు ఇరవై అడుగులు మించరాదు. నీటికి చెడని కొయ్య, నార, రెండు డబ్బాల తారు యోగానంద వెంట పంపడమైనది.

ఆఫీసరు గారి తరఫున,
శ్రీపతి, గుమాస్తా

తా.క.: తారు నల్లుల నివారణార్థము.


ఒడ్డుపల్లె, 20-8-1958

శ్రీపతి గారికి,

అయ్యా, మీ యోగానంద మేస్త్రీ వచ్చిన దినం ఊర్లో ఎవరూ పలకరించలేదు. నేనే పోయి, "ఏమప్పా, మంచాలు బాగా చేస్తావా?" అని అడిగినా. ఆయన తల గోక్కొని, "మా తాత, మా నాన్న గోదారి ఒడ్డున పడవలు కట్టారండి. నేనూ అదే పని. మంచం ఎప్పుడూ చేయలేదండి" అన్నాడు.

మీ ఆఫీసు ఒక తప్పు మీద ఇంకొక తప్పు చేసింది. మాకది మేలాయ. మేము కిమ్మనకుండా పని మొదలుపెట్టినాము. పద్నాలుగు మందీ నేర్చుకున్నారు. పలకల సందుల్లో నార ఎట్ల కుక్కాల్నో పక్కోనికి చూపిస్తా ఆదినారాయణ నోరు తెరిచి మాట్లాడినాడు.

నిన్న పడవ నీళ్లలో దించినాము. మొదట ఎవరెక్కాలంటే అందరూ మాబున్ని దిక్కు చూసినారు. ఆమె అవతలి ఒడ్డు దాకా పోయి, దిగకుండానే తిరిగొచ్చింది. 

ఇట్లు, మీ
మల్లికార్జునయ్య

తా.క.: మీ పొరపాటు మీ ఆఫీసరుకు చెప్పము. భయపడొద్దు.


జమ్మలమడుగు, 5-9-1958

పంతులు గారికి శ్రీపతి నమస్కారాలు.

ఇది ఆఫీసు జాబు కాదు. మీ చేతిరాత ముత్యాల మాదిరి ఉంది. మొదటి దినమే నేను పడవ అనే చదివినా. మా ఆఫీసరుకు చూపిస్తే, "ఈ జిల్లాలో సముద్రం యాడుందయ్యా?" అని కాయితం పక్కన పడేసినాడు. మంచాలైతే జాబితాలో ఉండాయి. అందుకే 'వ' తీసి 'క' రాసినా. మేస్త్రీల పేర్లన్నీ ఎతికి గోదారి మనిషిని పంపిందీ నేనే. మీకు ముందే చెబితే ఊరంతా తెలుస్తాదని చెప్పలేదు. మాబున్నమ్మ మాట చదివిన దినం మాత్రం చెప్పేద్దామనిపించింది.

పోయిన కార్తీకంలో ఆ పొద్దు నేను ఈ ఒడ్డున ఉన్నా. శానామందిమి నిలబడి చూస్తాంటిమి. మీరు కేకలేస్తాంటే నీళ్ల హోరుకు ఏమీ ఇనపడలేదు. సాయంత్రం ఆ మంచం ఎనక్కి తిరిగి పోతాంటే అర్థమైంది. నాకు ఈత రాదు. కొయ్యపని రాదు. మీ అర్జీ నా బల్ల మీదికి వచ్చినప్పుడు, నాకు తెలిసిన పని చేసినా.

మీవాడు,
శ్రీపతి

తా.క.: బుధవారం ఆఫీసరు గారు పడకల తనిఖీకి వస్తాండారు. ఏరూ వాగూ రెండూ పారతాండాయి, వేరే దారి లేదు. మీ పడవ పంపండి. దాంట్లో ఒక పరుపు, ఒక దిండు ఏసి పెట్టండి. మిగతాది నేను రాసుకుంటా.