కొబ్బరినూనె మెరుపు

శాలిబండ, మంగళవారం రాత్రి

ఇంకా ఒళ్లు మండుతోంది.

పొద్దున గౌలిపుర మల్లయ్య, మా పాత రికార్డుల దుకాణంలో కొన్న గజల్ రికార్డు తెచ్చి కౌంటర్ మీద పడేశాడు. "నువ్వు రాసింది సూసి కొన్న. ముల్లు పెడితే గరగర తప్ప పాట లేదు" అన్నాడు. కవరు మీద 'ఫస్ట్' అని, అంటే గీతల్లేని మొదటి రకం అని, నా అక్షరాలే. రికార్డు మీద వేలితో రుద్దితే కొబ్బరినూనె వాసన.

ఆయన వెళ్లాక నా పార్ట్‌నర్ యాదగిరిని నిలదీశాను.

"నూనె నేనే రాసిన. గీతలు కనవడొద్దని" అన్నాడు, సిగ్గు లేకుండా.

"అంటే నన్నే మోసం జేసినవా?"

"నిన్నేం మోసం జేసిన భాయ్? గీతలు కనవడేటివే ప్లేయర్ మీద పెడ్తవ్. మెరిసేటివి ట్యూబ్‌లైట్ కింద తిప్పి ఫస్ట్ అని రాస్తవ్. గది సూసే నూనె రాసిన."

వాడి దవడ పగలగొట్టాలనిపించింది. కానీ వాడన్నది నిజమే. చెవితో చేయాల్సిన పని ఆరేళ్లుగా కంటితోనే కానిస్తున్నాను.

రేపటి నుంచి వాడి ముఖం చూడను. కాదు, చూడక తప్పదు. అల్మారా నిండా నా 'ఫస్ట్'లే ఉన్నాయి. వాటిలో వేటికి నూనె రాశాడో వాడికొక్కడికే తెలుసు.