గట్టి దారం

ప్రియమైన అమ్మకి,

నేను బాగున్నాను. పిన్ని కూడా బాగుంది, కాకపోతే అచ్చం నీలాగే రోజుకి మూడుసార్లు "తిన్నావా?" అని నా బుర్ర తినేస్తోంది. ఆదివారం ఫోన్లో ఏమీ చెప్పలేకపోయాను. పిన్ని పక్కనే ఉంటే నాకు మాట రాదు. అందుకే ఈ ఉత్తరం.

నా స్కూలు చొక్కాకి పై గుండీలు రెండు ఊడిపోయాయి. నువ్వు పని చేసేది బట్టల ఫ్యాక్టరీలోనే కదా, తెల్లవి రెండు పంపు. పిన్ని దగ్గర గోధుమరంగువే ఉన్నాయి, అవి పెట్టుకుంటే టీచరు ఒప్పుకోదు.

మంచం మీద నీ వైపు నేను పడుకోవడం లేదు. ఖాళీగానే ఉంచుతున్నాను.

నీ పిచ్చుక

---

నా బంగారు పిచ్చుకకి,

గుండీలు పంపి రెండు వారాలు కాలేదు, మళ్లీ మూడు కావాలా? వాటిని గానీ నములుతున్నావా ఏమిటి? నీతో లాభం లేదని చొక్కానే పంపమన్నాను కదా, అందింది. ఇది నీకు తిరిగి చేరేదాకా రెండోది వేసుకో. ఇక్కడ కోట్లకి వాడే దారంతో నాలుగు పేటలు వేసి నేనే కుట్టాను. గుండీల వెనక గుడ్డ చిరిగిన చోట అతుకు కూడా వేశాను. ఇక ఏనుగొచ్చి లాగినా ఊడవు.

రోజంతా నా బల్ల మీద చొక్కాలు తిరగేసి లోపాలు చూడటమే నా పని. చిన్న సైజు వచ్చినప్పుడల్లా చేతులు ఆగిపోతాయి. నీ భుజాలు ఇంకా ఇంతే ఉన్నాయా, పెరిగాయా అనుకుంటాను. పక్క సీటావిడ "ఏంటమ్మా, చొక్కాతో మాట్లాడుతున్నావా?" అని ఎగతాళి చేస్తుంది. ఫ్యాక్టరీతో ఒప్పందం ఇంకా ఏడు నెలలుంది. ఓపిక పట్టు తల్లీ. నాకూ లేదు ఓపిక, అయినా పడుతున్నాను.

మీ అమ్మ

---

అమ్మకి,

నేను ఇక బడికి వెళ్లను. పిన్నికి సాయంగా ఇంట్లోనే ఉంటాను.

ఇప్పటికే పది రోజులుగా వెళ్లడం లేదు. జ్వరమని నీకు పిన్ని చేత నేనే చెప్పించాను. గడ్డం కింద మూడు కుట్లు పడ్డాయి. నీ కుట్లంత బాగా లేవు.

బడి వెనక మెట్ల దగ్గర పెద్ద క్లాసు అక్క ఒకామె కాపు కాస్తుంది. మధ్యాహ్నం గంట కొట్టాక అటువైపు టీచర్లెవరూ రారు. ఆమె నా చొక్కా ముందువైపు పిడికిట్లో పట్టుకుని కొడుతుంది. గట్టిగా గింజుకుంటే గుండీలు తెగేవి, నేను పారిపోయేదాన్ని. ప్రతిసారీ అలాగే తప్పించుకునేదాన్ని. ఈసారి తెగలేదమ్మా. ఆమె లాగితే మెట్ల మీద నుంచి బోర్లా పడ్డాను.

చెబితే ఉద్యోగం మానేసి వచ్చేస్తావని చెప్పలేదు. రావాలని కూడా ఉంది.

పిచ్చుక

---

నా తల్లీ,

నీ ఉత్తరం చదివాక ఇప్పటిదాకా మెతుకు ముట్టలేదు.

ఇన్నేళ్లుగా చిరుగు చూసి కారణం చెప్పడమే నా పని. ఉతికి ఉతికి ఊడిన గుండీకి దారం కొస పీచుపీచుగా ఉంటుంది. ఎవరైనా లాగితే గుండీతో పాటు గుడ్డ కూడా చిరుగుతుంది. నీ చొక్కాకి గుడ్డ చిరిగింది. నా కళ్లు చూశాయి, నా చేతులు అతుకు వేసేశాయి. ఎవరు లాగారని అడగాల్సింది పోయి గట్టి దారం వెతికాను. నా బుద్ధికి ఏం తెగులు పట్టిందో! నీ గడ్డం కింద కుట్లు నేను వేయించినవే. నన్ను క్షమించు.

బడి మాత్రం మానకు. తప్పు నీది కానప్పుడు ఇంట్లో కూర్చోవాల్సింది నువ్వెందుకు? పెద్ద టీచరుగారికి మూడు పేజీల ఉత్తరం రాశాను. పిన్నిని వెళ్లి ఆవిడ ఎదురుగా కూర్చోమన్నాను, ఏదో ఒకటి తేల్చేదాకా లేవొద్దన్నాను.

మీ అమ్మ

---

ప్రియమైన అమ్మకి,

పిన్ని నిజంగానే రెండు గంటలు లేవలేదు! కాఫీ ఇస్తే తాగి అలాగే కూర్చుందట.

పెద్ద టీచరుగారు నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్లి, ఎక్కడ ఏం జరిగిందో చూపించమన్నారు. నేను చెప్పాక ఇంకో ఐదుగురు చెప్పారు. ఇద్దరు అప్పటికే బడి మానేశారు, టీచర్లు వాళ్ల ఇళ్లకి వెళ్లి మాట్లాడి తీసుకొచ్చారు. ఇప్పుడు గంట కొట్టగానే ఆటల టీచరు ఆ మెట్ల మీదే నిలబడతారు. ఒక్కో క్లాసే దిగాలి.

ఆ అక్కని బడి నుంచి తీసేయలేదు. రోజూ పెద్ద టీచరుగారి గదిలో కాసేపు కూర్చుని మాట్లాడుతుంది. ఆమె చేతి మీద కూడా వాతలున్నాయి, నేను చూశాను. జాలేసింది. భయం ఇంకా పూర్తిగా పోలేదు గానీ, మూడు వారాలుగా రోజూ వెళ్తున్నాను.

చొక్కాకి మళ్లీ రెండు గుండీలు ఊడాయి. పంపుతున్నాను. తొందరేం లేదు, కుట్టాక రెండు రోజులు నీ దగ్గరే పెట్టుకుని పంపు. పోయినసారి నీ వాసన వచ్చింది, ఒక్క ఉతుకుకే పోయింది.

నీ పిచ్చుక

---

దొంగపిల్లకి,

గుండీలు లేని చొక్కా చూడగానే మళ్లీ మొదలైందనుకున్నాను. బల్ల మీద పరిచి లైటు కింద పెట్టాను. ఈసారి కళ్లతో పాటు బుద్ధి కూడా పెట్టి చూశాను. గుడ్డ చెక్కుచెదరలేదు. దారం నాలుగు పేటలూ ఒకే ఎత్తున నున్నగా తెగి ఉన్నాయి. లాగితే అలా తెగవు. కత్తెరతోనే అలా తెగుతాయి. ఎవరి కత్తెరో, ఎవరి చెయ్యో నేను అడగను.

పక్క సీటావిడకి చూపించి నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశాను. ఆవిడే చెయ్యి పట్టుకుని సూపర్వైజరు దగ్గరికి లాక్కెళ్లింది. ఒప్పందం పోతే పోనీ అన్నాను. ఆయన తల గోక్కుని పన్నెండు రోజులు సెలవిచ్చాడు.

శుక్రవారం బడి వదిలే వేళకి ఆ మెట్ల కింద ఉంటాను. మంచం మీద నా వైపు దుప్పటి దులిపి ఉంచు.

గుండీలు ఇంకా కుట్టలేదు. నువ్వు పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించాలి. చొక్కా పోస్టులో రాదు, నాతో వస్తుంది.

మీ అమ్మ